డ్రై రన్

మా నూర్జాకు హోంవర్కు:
'రన్' అనే మాటకు పది అర్థాలు రాసుకొని రావల్ల.
వనజాక్షి మేడం చెప్పిందంట,
డిక్షనరీలో చూడొద్దు, ఇంట్లో అడగండి అని.
ఇంట్లో అంటే నేనే.
ఇల్లంటే ఈ వైండింగు అంగడే,
ఉరవకొండలో కళ్యాణదుర్గం రోడ్డున.
వార్నీషు వాసన, రాగి తీగ చుట్టలు,
వరసగా పండుకున్న ఐదు హెచ్‌పీ మోటర్లు.

ఇంగ్లీషు నాకేం వస్తాది?
ఏడో తరగతిలో బడి ఇడిచినోన్ని.
కానీ ఈ మాట నాది.
తెల్లారకముందే ఫోన్లో అడిగేది ఇదే:
'ఓ దస్తగిరీ, మోటరు రన్నింగులో పెట్టినావా?'

రాసుకో, అన్నా.
మోటరు రన్ అవుతాది, అంటే తిరుగుతాది.
బస్సు రన్ అవుతాది, అంటే నడుస్తాది.
బళ్ళారి బస్సైతే నూకితే నడుస్తాది.
అంగడి రన్ చేస్తాండా, అంటే ఈడ్చుకొస్తాండా.
జలుబు చేస్తే నీ ముక్కు.
సంతలో కొన్న మీ యమ్మ చీర,
ఒక్క ఉతుకుకే రంగంతా రన్ అయ్యి
నా బనీన్లన్నీ గులాబీ.

ఎన్నికల్లో కూడా రన్ అవుతారంట గదా నాయినా, అనింది.
నవ్వొచ్చింది.
వాళ్ళు పరిగెత్తుతారు, మనోళ్ళు నిలబడతారు.
నిలబడినోడెవడూ గెలిచినాక
ఈ అంగడి ముందర నిలబడింది నేను చూళ్ళేదు.

నది రన్ అంటే?
పారుతాది.
మన హగరి రన్ అవుతాదా?
పెన్సిలు పట్టుకొని నన్నే చూస్తాంది.
హగరిలో ఇసుక ట్రాక్టర్లు రన్ అవుతాయి రాసుకో, అన్నా.
రాయలేదు.
నీయంత ఉన్నప్పుడు ఒకసారి చూసినా,
మోకాళ్ళ దాకా, టీ రంగు నీళ్ళు,
ఎవరిదో చెప్పు కొట్టుకొని పోతాండె.

రన్ అవే?
చేతిలో తీగ ఆగింది. ఎన్ని చుట్లయిందో లెక్క తప్పింది.
పారిపోవడం, అన్నా.
మగపిల్లోడైతే ఆ మాటే.
మా మాబున్ని పోయినప్పుడు
ఊరు వేరే మాట తీసింది: లేచిపోయింది.
కూర్చున్న చోటి నుంచి లేచినందుకే
పదకొండేండ్లుగా మా నాయిన ఆ పేరు పలకడు.
ఇది నూర్జాకు చెప్పలేదు.
మళ్ళా ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటా చుట్టినా.

తొమ్మిదోది ఎవరూ అడక్కుండానే చెప్పినా:
డ్రై రన్.
ఏడొందల అడుగుల కింద నీళ్ళు దిగిపోయింటాయి,
రైతుకు తెలీదు.
రాత్రి రెండుకు కరెంటొస్తాది,
స్టార్టరు దానంతటదే పడతాది,
మోటరు వట్టి గాలిని గుంజి గుంజి
తెల్లారేసరికి లోపల రాగి బొగ్గవుతాది.
మన అన్నం దాంట్లోదే,
గట్టిగా ఒత్తి రాయి.

బుధవారం బుక్కు వచ్చింది.
పదోది ఖాళీ.
తొమ్మిదో దాని మీద ఎర్ర గీత, పక్కన మేడం చేతిరాత:
'అసలు పనికి ముందు ఒకసారి చేసి చూసుకోవడం.'
నూర్జా నా మీద కోపంతో గట్టిగా చదివింది.

బెళుగుప్ప ఎర్రితాత అప్పుడు స్టూలు మీద ఉన్నాడు,
ఈ ఏడు మూడో తూరి కాలిన మోటరు తెచ్చుకొని.
ఆయన మేడం పక్కకే పోయినాడు:
'సరిగ్గానే రాసిందప్పా ఆ యమ్మ.
నాలుగు బోర్లు ఏసి చూసుకున్యా.
చీనీ చెట్లు పెట్టి చూసుకున్యా,
కొట్టేసి చూసుకున్యా.
అసలు పని ఎప్పుడు మొదలైతాదో
రేపు అడిగి చెప్పు పాపా.'
నూర్జా రబ్బరు తీసింది.
ఏం చెరపల్లో తెలీక
మళ్ళా డబ్బాలో పెట్టేసింది.

చుట్టడం అయినాక
మోటరు నేల మీద పండబెట్టి స్విచ్చి వేసినా.
తిరిగింది. సన్నగా, ఒకే పలుకు.
ఎర్రితాత కండ్లు మూసుకున్యాడు
అడుగున ఏదో వినపడతాన్నట్ల.
ఇంగొంచేపు ఉండనీప్పా, అన్నాడు.

వట్టిగా అంతసేపు తిప్పకూడదు.
ఉండనిచ్చినా.